జంతికల ప్యాకింగ్‌కు ఇటలీ మెషిన్ కొనొచ్చా?

200 గ్రాముల జంతికలు, కారప్పూస ప్యాకెట్ల కోసం ఇటలీలోని బొలోన్యా ప్రాంతంలో తయారైన సెకండ్ హ్యాండ్ వర్టికల్ మెషిన్ (ఫిల్మ్ రోల్‌ను నిలువు గొట్టంగా మలిచి, సరుకు నింపి, సీలు వేసేది) బేరానికొచ్చింది. అంతా సర్వో (కదలికను కచ్చితంగా అదుపు చేసే మోటార్లు), 10 తలల వెయ్యర్ (సరుకు తూచి వదిలేది), ప్యాకెట్‌లో గాలి బదులు నైట్రోజన్ నింపే లైన్ ఉన్నాయి. మాకు నిమిషానికి 40 ప్యాకెట్లు చాలు. ఆ వేగం మన దేశపు మెషిన్లూ ఇస్తాయి కాబట్టి వేగం కోసం డబ్బు పెట్టడం దండగ.

తేడా సీలింగ్ దగ్గరే ఉండాలి. నిలువు సీలు అడ్డ సీలును దాటే చోట ఫిల్మ్ రెండు పొరలకు బదులు నాలుగవుతుంది. సీలు వేసే దవడల ఒత్తిడి, వేడి సమంగా లేకపోతే అక్కడే సన్న సందు మిగిలి నైట్రోజన్ జారిపోతుంది, సరుకు ముక్కిపోయిన వాసన కొడుతుంది. కారప్పూస పొడి సీలులో పడితే ఇక చెప్పక్కర్లేదు. సర్వో దవడలు ఇరుక్కున్న ముక్కను పసిగట్టి ఆ ప్యాకెట్‌ను పక్కకు తోసేలా పెట్టుకోవచ్చంటారు. కారప్పూస పొడి విషయంలో అది నిజంగా పనిచేస్తుందా?

ఇంకో రెండు సంగతులు. 100 గ్రాముల సైజుకు ఫార్మింగ్ కాలర్ (ఫిల్మ్‌ను గొట్టంగా మలిచే భాగం) వేరే కావాలి. హైదరాబాద్‌లో చేయిస్తే ఫిల్మ్ ముడతలు పడకుండా నడుస్తుందా? పీఎల్‌సీ (మెషిన్‌ను నడిపే కంట్రోలర్) ప్రోగ్రామ్ బ్యాకప్, వైరింగ్ డ్రాయింగులు అమ్మేవారి దగ్గర లేవు. సర్వో మోటారును నడిపే డ్రైవ్ కాలిపోతే, ఆ డ్రైవ్ మోడల్ తయారీ ఆగిపోయి ఉంటే, ఇలాంటి మెషిన్లు నడిపేవారు ఏం చేస్తున్నారు?