అప్‌డేట్: గోకార్ట్ పెడల్ ఇరుక్కునే గోల తీరింది

పోయిన వారం అడిగా కదా, మా కాలేజ్ ప్రాజెక్ట్ గోకార్ట్‌లో (చిన్న రేసు బండి) యాక్సిలరేటర్ తొక్కి వదిలితే పెడల్ వెనక్కి రావట్లేదు, బ్రేక్ పెడల్ కూడా బిగుసుకుపోతోంది అని. చాలామంది స్ప్రింగ్ మార్చమన్నారు, మార్చాం, గట్టిది వేశాం, కాలు నొప్పి తప్ప ఒరిగిందేం లేదు. ఒకన్న మాత్రం ముందు పెడల్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే కేబుల్‌ని పెడల్ దగ్గర ఊడదీసి తొక్కి చూడు తమ్ముడూ అన్నాడు, అలా చేస్తే టక్కున వెనక్కొచ్చింది, అంటే తప్పు పెడల్‌ది కాదు, కేబుల్ వైపే. మొత్తం బయటికి లాగి చూస్తే సైలెన్సర్ పక్కన మేమే జిప్ టై వేసి కట్టిన చోట పైతొడుగు కరిగి లోపలి తీగని పట్టేసుకుంది, ఇంజిన్ వేడెక్కాకే ఎందుకు ఇరుక్కునేదో అప్పుడు వెలిగింది.

కొత్త కేబుల్‌ని సీటు అవతలి పక్క నుంచి పెద్ద వంపుతో తిప్పి 2-3 మిల్లీమీటర్ల ఫ్రీ ప్లే (కేబుల్ లాగడం మొదలయ్యే ముందు ఉండే వదులు) వదిలాం. బ్రేక్‌ది మరీ సిల్లీ, పైవట్ బోల్ట్ (పెడల్ తిరిగే ఇరుసు) బలమంతా పెట్టి బిగించేశాం, వాషర్ కూడా లేదు. బుష్ (ఆ బోల్ట్ చుట్టూ ఉండే చిన్న గొట్టం) తుడిచి గ్రీజు పెట్టి నైలాక్ నట్ (అదురుకి వదులవకుండా లోపల నైలాన్ రింగ్ ఉండేది) వేసి పెడల్ ఫ్రీగా ఆడేంత వరకే బిగించాం.

నిన్న గ్రౌండ్‌లో 20 రౌండ్లు కొట్టాం, ఒక్కసారీ పట్టలేదు. కిల్ స్విచ్ (ఇంజిన్‌ని వెంటనే ఆపేది) కూడా స్టీరింగ్ మీదకి మార్చాం, మొదటిసారి ఇరుక్కున్నప్పుడు అది సీటు వెనక ఉండి చెయ్యి అందక నేరుగా వెళ్లి టైర్ల గోడకి గుద్దా మరి.