14 రోజుల యూరప్ బిజినెస్ స్టడీ టూర్: ఏ ఊళ్లు ఉంచాలి, ఏవి తీసేయాలి?

ప్రశ్న:
కామర్స్, ఎకనామిక్స్ విద్యార్థులు 18 మందితో క్రెడిట్ కోర్సుగా వెళ్తున్నాం. ప్లానులో లండన్, పారిస్, బ్రస్సెల్స్, ఫ్రాంక్‌ఫర్ట్, జ్యూరిక్, మ్యూనిక్, ప్రాగ్ ఉన్నాయి. ఆగస్టు మొదటి రెండు వారాలు అనుకున్నాం. పిల్లలకు నాలుగు ముక్కలు వంటబట్టాలంటే ఏం మార్చాలి? వీసా ఏ దేశానికి పెట్టాలి?

జవాబు 1:
ముందు ఆగస్టు వదిలేయండి. యూరోపియన్ పార్లమెంటుకు అప్పుడు సెలవులు, చాలా ఫ్యాక్టరీలు లైన్లు ఆపేసి మరమ్మతులు పెట్టుకుంటాయి. ఖాళీ హాలు, ఆగిన బెల్టు చూసి రావాల్సి వస్తుంది. సెప్టెంబరు రెండో సగం మేలు. అక్టోబరు అయితే ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక ప్రదర్శన వారం తప్పించండి, హోటల్ రేట్లు మండిపోతాయి.

ఏడు ఊళ్లు వద్దండీ. ఊరు మారిన ప్రతిసారీ ఒక పూట గల్లంతు. బ్రస్సెల్స్‌లో 4 రాత్రులు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో 5, ప్రాగ్‌లో 4 చాలు. రూల్స్ పుట్టే చోటు బ్రస్సెల్స్, యూరో వడ్డీ రేటు తేలే చోటు ఫ్రాంక్‌ఫర్ట్, ఆ రేటు నేరుగా వర్తించని చోటు ప్రాగ్: ఈ మూడూ ఒక వరసలో వస్తాయి. ప్రాగ్‌ను మాత్రం తీసేయకండి. చెక్ రిపబ్లిక్ 2004లోనే యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో చేరింది, కరెన్సీ మాత్రం ఇప్పటికీ కొరునానే. జర్మనీకి విడిభాగాలు అమ్మే చెక్ కంపెనీకి డబ్బు యూరోల్లో వస్తుంది, జీతాలు కొరునాల్లో పోతాయి. యూరోకు 25 కొరునాలు ఉన్న రేటు 24కి దిగితే, లక్ష యూరోల బిల్లు మీద లక్ష కొరునాలు ఎగిరిపోయినట్టే. ఈ లెక్క అక్కడి ఫైనాన్స్ మేనేజరు ముందే పిల్లలతో వేయించండి.

జవాబు 2:
వీసా సంగతి. పై ప్లాను ప్రకారమైతే జర్మనీకే పెట్టాలి, ఎక్కువ రాత్రులు ఉండే దేశమే లెక్క. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి తీసుకుంటారు, 15 రోజుల ముందుతో గడువు ఆఖరు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. తిరుగు ప్రయాణం తర్వాత కూడా పాస్‌పోర్టుకు 3 నెలల గడువు మిగలాలి. చాలామంది దెబ్బతినేది వేరే చోట: దరఖాస్తు పెట్టాక హోటల్ రాత్రులు అటూ ఇటూ మార్చేస్తారు, దాంతో ప్రధాన దేశమే మారిపోతుంది. లండన్ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) లేదు, దానికి వీసా వేరు. జ్యూరిక్ షెంగెన్‌లో ఉంది కానీ స్విట్జర్లాండ్ ఈయూలో లేదు.

ప్రశ్న అడిగినవారు:
లండన్ తీసేశాం. కంపెనీ విజిట్‌కి టూరిస్టు టికెట్ కొంటే సరిపోతుందా?

జవాబు 3:
సరిపోదు. ఆ టికెట్‌తో రోబోలు కనిపిస్తాయి, నిర్ణయాలు కనిపించవు. గంట ప్లాంటు, గంట హెచ్‌ఆర్‌తోనో కార్మికుల కౌన్సిల్‌తోనో (ఉద్యోగులు ఎన్నుకున్న ప్రతినిధులతో) మాట్లాడిస్తారా అని రాసి అడగండి. జర్మనీలో 1976 చట్టం ప్రకారం 2,000 మందికి పైగా ఉద్యోగులున్న కంపెనీల సూపర్‌వైజరీ బోర్డులో (మేనేజ్‌మెంటును పర్యవేక్షించే బోర్డు) సగం సీట్లు ఉద్యోగులవి. ఓట్లు సమానమైతే చైర్మన్‌కు రెండో ఓటు ఉంటుంది, ఆ చైర్మన్ సాధారణంగా వాటాదారుల వైపు మనిషే. "సగం" అన్నది ఎంతవరకు సగమో అడగమనండి, చర్చ దానంతటదే నడుస్తుంది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో యూరో వడ్డీ రేటు తేల్చే యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు విజిట్‌కి నెలల ముందే రాయాలి. పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే పంపండి, ఇంటిపేరు ముందూ వెనకా అయితే గేటు దగ్గర చిక్కే. జర్మనీ కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్ వారి మనీ మ్యూజియం కూడా ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే, ప్రవేశం ఉచితం. బ్రస్సెల్స్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరు ఐసీఈ (జర్మన్ హైస్పీడ్) రైల్లో సుమారు 3 గంటలు. సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాదు, కానీ 18 మంది చేయించుకోకుండా ఎక్కితే సూట్‌కేసుల మీదే కూర్చోవాలి.