అడవి తరిగిపోవడానికి కారకులెవరు? గొడ్డలి పట్టినవాడా, పట్టించినవాడా?

#1 వానకోయిల
మొన్న బంధువుల గ్రూపులో పెద్ద రభస. ఒకాయన "జనాభా పెరిగిపోయింది, పేదవాళ్లే పొలాల కోసం అడవి కొట్టేస్తున్నారు" అన్నాడు. ఇంకొకాయన "నువ్వు ఒళ్లు రుద్దుకునే సబ్బులో పామాయిలుంది, అడవిని మింగింది అదీ" అన్నాడు. తర్వాత ఇద్దరూ గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) లెక్క ప్రకారం 1990 నుంచి 2020 వరకు 42 కోట్ల హెక్టార్ల అడవి వేరే వాడకానికి మారిపోయింది. 2015-20 మధ్య ఏటా కోటి హెక్టార్లు పోయింది. ప్రపంచానికి 20 శాతం ఆక్సిజన్ ఇచ్చే అమెజాన్ కూడా కరిగిపోతోంది. తప్పు ఎవరిది? తెలిసినవాళ్లు చెప్పండి.

#2 లెక్కలమాస్టారు
20 శాతం ఆక్సిజన్ అన్నది తప్పు. చెట్లు పగలు వదిలినదాంట్లో చాలావరకు అవే శ్వాసకు వాడుకుంటాయి. మిగిలింది రాలిన ఆకునీ పడిన మానునీ కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తీసేసుకుంటాయి. చివరికి మిగిలేది ఇంచుమించు సున్నా. 2019లో మంటలప్పుడు ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ కూడా ఇదే అంకె వేశారు. ఆయన వేసినంత మాత్రాన ఒప్పు కాదు.

#3 వానకోయిల
సరే మాస్టారూ, అసలు ప్రశ్న సంగతి?

#4 లెక్కలమాస్టారు
అంకె దిద్దండి ముందు.

#5 మోడుచిగురు
31 ఏళ్లు అడవుల్లో ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. కంపెనీలను తిట్టడం ఫ్యాషనైపోయింది కాబట్టి కళ్లతో చూసింది చెబుతాను. కొండ మీద నిప్పు పెడతారు. ఆ బూడిద బలంతో రెండు మూడు పంటలు వస్తాయి. ఉష్ణమండలపు అడవిలో సారమంతా చెట్టులోనే ఉంటుంది, నేలలో ఉండేది తక్కువ. బూడిద కడుక్కుపోగానే పంట చస్తుంది, పక్క కొండకు పోతారు. నాలుగు వానలకు మట్టి వాగులో ఉంటుంది. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చూడండి: 2001-15 మధ్య ప్రపంచంలో పోయిన చెట్ల కప్పులో 24 శాతం పోడు వల్లే. ఆఫ్రికాలో మరీ ఎక్కువ. కాంగో నది పరీవాహకంలో పామాయిల్ కంపెనీలు ఎన్ని, పోడు కుటుంబాలు ఎన్ని? లెక్క వేసుకోండి.

#6 బ్రేకుల్లేని_బండి
పాప్‌కార్న్ పట్టుకుని కూర్చున్నా.

#7 కొండవాగు
మోడుచిగురు గారూ, అదే పరిశోధనలో పక్క అంకెలు ఎందుకు మింగేశారు? సరుకుల కోసం శాశ్వతంగా పోయిన అడవి 27 శాతం. అంటే పశువుల మేత భూములు, సోయా, పామాయిల్, గనులు. కలప కూపులు, అంటే కలప కోసం వంతులవారీగా కొట్టే అడవి ముక్కలు, 26, కార్చిచ్చు 23. అందులో "శాశ్వతంగా పోయింది" అని లెక్కగట్టింది ఆ 27 శాతాన్నీ, పట్టణాల కింద పోయిన ఒక శాతం లోపునీ. పోడు నేల బీడు పడితే మళ్లీ అడవి లేస్తుంది. సోయా చేను లేవదు.

ఇంకో మాట. కొండకు నిప్పు పెట్టినవాణ్ణి చూశానన్నారు, అక్కడిదాకా తోలిందెవరో చూశారా? 1970లో బ్రెజిల్ సైనిక ప్రభుత్వం అమెజాన్ మధ్యలోంచి రహదారి వేసి, "మనుషుల్లేని నేల, నేల లేని మనుషులకు" అని నినాదమిచ్చి మరీ జనాన్ని రప్పించింది. అక్కడ అప్పటికే మనుషులు ఉన్నారన్నది వేరే సంగతి. చెట్లు కొట్టి చూపిస్తేనే నేల వాడుకుంటున్నట్టు రుజువు, అప్పుడే పట్టా. కొట్టకపోతే పక్కవాడు కొట్టి తనదంటాడు. ఇండొనేసియాలో 1996లో వరి పండిస్తామని మధ్య కాలిమంతాన్‌లో దాదాపు 10 లక్షల హెక్టార్ల పీట్ (నీళ్లలో సగమే కుళ్లి పేరుకున్న ఆకూ కట్టె) చిత్తడి అడవికి కాలువలు తవ్వి నీళ్లు తోడేశారు. వరి పండలేదు. ఎండిన పీట్ మాత్రం ఇప్పటికీ అంటుకుంటోంది. అది ఏ పేదవాడి గొడ్డలి?

#8 మోడుచిగురు
బాబూ, ఆవేశం తగ్గించు. బీడు పడితే అడవి లేస్తుందన్నది మీ ముత్తాతల కాలం మాట. అప్పుడు పదిహేను ఇరవై ఏళ్లు వదిలేసేవాళ్లు. ఇప్పుడు మనిషి ఎక్కువ, నేల తక్కువ. చాలాచోట్ల మూడు నాలుగేళ్లకే మళ్లీ కత్తి పెడుతున్నారు. మూడేళ్లలో లేచేది తుప్ప, అడవి కాదు.

#9 కొండవాగు
బాబూ కాదు, నేను ఆడదాన్ని. మనిషి ఎక్కువైనందుకే నేల తక్కువైందా? మిగతా నేల ఎవరి చేతిలోకి పోయిందో కూడా చెప్పండి. ఎఫ్ఏఓ ఉపగ్రహ సర్వేలో 2000-18 మధ్య నరికివేతలో దాదాపు 90 శాతం వ్యవసాయం పెరగడం వల్లే. సగం పైరు భూములు, 38 శాతం పైచిలుకు పశువుల మేత. పోడు చేసేవాళ్లకు వేల పశువులున్నాయా?

#10 మోడుచిగురు
వ్యవసాయం అన్నారు. వ్యవసాయం చేసేది రైతు. నేను చెప్పిందీ అదే కదమ్మా.

#11 బ్రేకుల్లేని_బండి
ఎంత గొప్ప జారుడండీ సార్ 😂

#12 చిరుగాలి
కారణాలు సరే, ఫలితం ఎవరూ చెప్పట్లేదేం? అడవి పోతే వరదలు. 1998లో యాంగ్జీ నది వరదల తర్వాతే చైనా సహజ అడవుల్లో కలప కొట్టడం ఆపేసింది.

#13 లెక్కలమాస్టారు
చైనా ఆపింది నిజం. వరదకు కారణం అదొక్కటే అన్నది తేలలేదు. 2005లో ఎఫ్ఏఓ, అంతర్జాతీయ అడవుల పరిశోధన సంస్థ సిఫార్ కలిసి ఇచ్చిన నివేదిక ఏమందంటే: చిన్న వాగుల్లో అడవి ప్రభావం స్పష్టంగా కనబడుతుంది గానీ, రోజుల తరబడి వాన పడి నేల నానిపోయాక వచ్చే మహా వరదలను అడవి ఆపలేదు అని. చిన్న వాగుకు ఉదాహరణ కావాలంటే అమెరికాలో హబ్బర్డ్ బ్రూక్. 1965 చలికాలంలో ఒక చిన్న పరీవాహకం మొత్తం నరికి, మళ్లీ చిగురు రాకుండా మందు కొట్టారు. మొదటి ఏడాదే వాగులో నీళ్లు 40 శాతం దాకా పెరిగాయి. చెట్లు పీల్చి గాల్లోకి వదిలే నీళ్లు వాగులోకి వచ్చేశాయి మరి. నీళ్లతోపాటు నైట్రేటు కూడా విపరీతంగా కొట్టుకుపోయింది. సారం పోవడమంటే అదీ.

#14 చిరుగాలి
అంటే అడవి కొడితే నీళ్లు పెరుగుతాయంటారా?! ఇదేం విడ్డూరం.

#15 లెక్కలమాస్టారు
ఆ వాగులో, ఆ ఏడాది. అమెజాన్ అంత అడవి అయితే కథ తిరగబడుతుంది. 1970లలో ఎనియాస్ సలాటి అనే బ్రెజిల్ శాస్త్రవేత్త వాననీటిలో ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) కొలిచి, అక్కడి వానలో సగం దాకా అడవే తిరిగి ఇచ్చిన ఆవిరి అని తేల్చాడు. సముద్రం నుంచి వచ్చిన చినుకు చెట్టు మీద పడి, ఆవిరై, ముందుకు పోయి మళ్లీ పడుతుంది. చెట్లు తీసేస్తే ఆ చినుకు ఒకసారి పడి నదిలో పోతుంది, గాలివాలున ఉన్న భూములకు వాన తగ్గుతుంది. అడవి కొట్టి సోయా వేసినవాడి సోయాకే ఆ వాన కావాలన్నది విషాదం. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు పదో వంతు అడవులు పోవడం వల్లే అన్నది సరేసరి. ఇవన్నీ ఉండగా జనం ఆక్సిజన్ పట్టుకుని వేలాడతారు.

#16 వానకోయిల
అంకె దిద్దలేకపోతున్నా మాస్టారూ, ఎడిట్ గడువు దాటిపోయింది. వదిలేయండి.

#17 మోడుచిగురు
వాన కావాలన్నా అడవిని కాపాడాల్సిందే కదా. కాపాడేదెవరు? యూనిఫాం వేసుకున్నవాడే. ఎండనకా వాననకా మొక్కలు నాటించాం. నేను చేరినప్పుడు బోడిగుండులా ఉన్న కొండలు రిటైరయ్యేనాటికి పచ్చబడ్డాయి. ఉపగ్రహ చిత్రాల్లోనూ అడవి పెరిగింది. ఇదెవరూ చెప్పరు.

#18 కొండవాగు
పచ్చబడ్డాయా. ఏం నాటారో చెప్పండి సార్. జామాయిల్ కదా?

మా తాత పోడు చేసుకున్న కొండ ఉండేది. ఏడు ముక్కలు, ఏటా ఒకటి కొట్టేవాళ్లు, మిగతా ఆరూ లేచేవి. లేచే బీడులోనే అడ్డాకు, చీపురుగడ్డి, కుంకుళ్లు, కుందేళ్లు. ఇప్పపువ్వు చెట్టు మీద, చింత మీద కత్తి పెట్టేవాళ్లు కాదు. ఒకరోజు జీపు వచ్చి "ఇది అడవి, మీరు ఆక్రమణదారులు" అంది. గుడిసెలు పీకారు. రెండేళ్లకు ఆ ఏడు ముక్కలనూ దున్ని, వరసలు తీసి జామాయిల్ నాటారు. కింద గడ్డి లేదు, పిట్ట లేదు, చెలమ ఎండిపోయింది. కొన్నేళ్లకు అదంతా కొట్టి లారీల్లో పంపారు. మేం కొడితే నరికివేత, మీరు కొడితే కూపు. మీ ఉపగ్రహానికి ఆ జామాయిల్ అడవిలా కనబడింది, మా బీడు విధ్వంసంలా కనబడింది.

#19 లెక్కలమాస్టారు
ఇక్కడ నిర్వచనం చూడాలి. ఎఫ్ఏఓ దృష్టిలో అర హెక్టారు పైగా నేల, 5 మీటర్లకు పెరిగే చెట్లు, 10 శాతం పైగా నీడ ఉంటే అడవి. జామాయిల్ తోట అడవే. రబ్బరు తోట కూడా అడవే. ఆయిల్ పామ్ తోట మాత్రం కాదు. కొట్టేసిన కూపులో మళ్లీ పెంచే ఉద్దేశం ఉంటే అదీ అడవే. ఇంకో సంగతి, చెట్లు తిరిగి లేస్తున్న పోడు బీడు కూడా ఆ నిర్వచనంలో అడవే. కాబట్టి మీ ఇద్దరి కొండా అడవే.

#20 కొండవాగు
మా ఇల్లు పీకేశారని చెబుతుంటే నిర్వచనం చదువుతారా మాస్టారూ?

#21 బ్రేకుల్లేని_బండి
ఇక నేను జోకులు వేయను.

#22 మోడుచిగురు
మీరు ఇల్లు అన్నారు కాబట్టి నేనూ చెబుతాను. నా కింద పనిచేసిన బీట్ గార్డును కలప దొంగలు రాత్రిపూట గొడ్డలితో నరికారు. తెల్లారేదాకా వాగు పక్కనే పడున్నాడు. దారి చూపినవాడు పక్క గూడెంవాడే. ఊరందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు. అతని భార్యకు ఆ కబురు చెప్పింది నేను. అప్పటినుంచి నాకు గూడెం మీద నమ్మకం పోయింది. అవును, గుడిసెలు ఖాళీ చేయించినవాళ్లలో నేనూ ఉన్నాను. మీ తాతవి కాకపోవచ్చు. ఇప్పటికీ నా మాట ఒకటే: లోపల మనుషులుంటే అడవి ఉండదు. నెమ్మదిగానో తొందరగానో, పోతుంది.

#23 కొండవాగు
ఇదిగో, బయటపడింది. 24 శాతమా 27 శాతమా అన్నది కాదు మన తగువు. మేం అక్కడ ఉండొచ్చా లేదా అన్నది. ఆ మాట మొదటి పోస్టులోనే అనుంటే ఇంత చాటభారతం తప్పేది.

మీ గార్డుకు జరిగింది ఘోరం, దానికి నేను వంక పెట్టను. ఆ కలప కొన్నవాడు మాత్రం గూడెంలో ఉండడు. లోపల మనుషులుంటే అడవి ఉండదన్నారు కాబట్టి అడుగుతున్నా: అమెజాన్ మ్యాపులో మూలవాసుల భూముల హద్దు దాకా నరికివేత అడవిని తినేసి, హద్దు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయి ఉంటుంది చాలాచోట్ల. లోపల ఉన్నది మనుషులే కదా? 1988లో హత్యకు గురైన చికో మెండెస్ రబ్బరు పాలు తీసుకుని బతికినవాడు. చంపింది పశువుల భూస్వాములు. అక్కడ అడవి పక్షాన నిలబడి చచ్చింది లోపలి మనిషి.

#24 మోడుచిగురు
బ్రెజిల్ గురించే మాట్లాడదాం. 2004లో అమెజాన్‌లో 27,772 చదరపు కిలోమీటర్లు పోయింది. 2012కు అది 4,571కి దిగింది. ఎలా? ఉపగ్రహంతో ఎప్పటికప్పుడు పట్టుకుని, జరిమానాలు వేసి, పశువులు జప్తు చేసి. అంటే కాపలాతో. కాపలా వదిలేశాక 2021లో మళ్లీ 13 వేలు దాటింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

#25 కొండవాగు
అదే కాలంలో 2006లో కొత్తగా కొట్టిన నేలలో పండిన సోయా కొనబోమని పెద్ద వ్యాపారులు ఒప్పుకున్నారు. 2008లో అక్రమంగా నరికినవాళ్లకు బ్యాంకు అప్పు ఆపారు. మూలవాసుల భూములు, రక్షిత ప్రాంతాలు పెంచారు. మీరు ఒక్క లాఠీ మాత్రమే చూశారు.

#26 మోడుచిగురు
లాఠీ లేకుండా మిగతావి నిలబడవు.

#27 కొండవాగు
కొనేవాడి మీద పడితే ఆ లాఠీని నేనూ మోస్తాను.

#28 నిర్వాహకుడు
వ్యక్తిగత విషయాల్లోకి వెళుతున్నారు. ఇద్దరూ ఓ పూట ఆగి రాయండి. నిర్వచనాల మీద చర్చకు వేరే థ్రెడ్ తెరిచాను, మాస్టారు గారు అక్కడికి రావాలి.

#29 మోడుచిగురు
ఓ పూట ఆగాను. అమ్మా, ఒకటి అడుగుతాను, వాదానికి కాదు. ఆ జామాయిల్ ఎన్ని కోతలైంది? మోళ్లు అలాగే ఉన్నాయా?

#30 కొండవాగు
మూడు అనుకుంటా. మోళ్లు ఉన్నాయి, కొట్టిన ప్రతిసారీ పిలకలేస్తాయి.

#31 మోడుచిగురు
అందుకే చెలమ తిరిగి రాలేదు. కొట్టినా వేరు బతికే ఉంటుంది, తాగుతూనే ఉంటుంది. దక్షిణాఫ్రికాలో వాగుల నీళ్లు తాగేస్తున్నాయని 1995 నుంచి ప్రభుత్వమే కూలి ఇచ్చి జామాయిల్, తుమ్మ జాతి పరాయి చెట్లను తీయిస్తోంది. మోడును వేరుదాకా చంపాలి. అలా చేస్తే పాత మొక్కలు కొన్ని వాటంతట అవే లేస్తాయి, విత్తనం నేలలో మిగిలుంటే. మా రోజుల్లో జామాయిల్ నాటమని పైనుంచి లక్ష్యాలు వచ్చేవి, నాటాం. చెలమ గురించి అప్పుడు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

#32 కొండవాగు
మోడు తీస్తే మళ్లీ కేసు పెడతారు సార్. ఆ నేల మాది కాదుగా.

#33 చిరుగాలి
ఇంతకీ అడవి ఉంటే వాగులో నీళ్లు పెరుగుతాయా, తగ్గుతాయా?

#34 లెక్కలమాస్టారు
ఏ అడవి?