ఎమ్మారైలో నార్మల్ అంటున్నారు, మణికట్టు నొప్పి మాత్రం తగ్గట్లేదు

సంక్రాంతికి ముందు అలిపిరి రోడ్డులో బండి జారి కుడి అరచేయి నేలకి ఆనించి పడ్డాను. ఎక్స్‌రేలో ఎముక విరగలేదన్నారు, నెలన్నర స్ప్లింట్ వేసుకున్నాను, తర్వాత ఫిజియోథెరపీ కూడా అయింది. అయినా నీళ్ల బిందె ఎత్తినా, చేయి ఆనించి లేచినా మణికట్టు పైవైపు, సరిగ్గా మధ్యలో టక్కుమని ఒకటే నొప్పి. చిటికెన వేలి వైపు ఏమీ లేదు.

తిరుపతిలోనే 1.5 టెస్లా మెషీన్‌లో మందు ఎక్కించకుండా ఎమ్మారై తీశారు, రిపోర్టులో లిగమెంట్లన్నీ నార్మల్. పిడికిలి బిగించి తీసిన ఎక్స్‌రేలోనూ ఎముకల మధ్య గ్యాప్ లేదు. డాక్టర్ మాత్రం చేత్తో నొక్కి చూసి, మణికట్టులో రెండు చిన్న ఎముకల్ని కలిపి ఉంచే స్కాఫోలూనేట్ లిగమెంట్ కొంచెం చిరిగి ఉండొచ్చు, అది చాలా చిన్నది కాబట్టి పాక్షిక చిరుగు మామూలు ఎమ్మారైకి అందకపోవచ్చు అంటున్నారు. ఖాయంగా తెలియాలంటే కీలులోకి సన్నటి కెమెరా పెట్టి చూసే ఆర్థ్రోస్కోపీయేనట, కానీ అది ఆపరేషన్ కదా, ఊరికే చూడ్డానికి మత్తు ఇప్పించుకోవాలంటే టెన్షన్‌గా ఉంది. దానికంటే ముందు వేలూరో చెన్నైయో వెళ్లి కీలులోకి మందు ఎక్కించి తీసే ఎమ్మార్ ఆర్థ్రోగ్రామ్ చేయించుకుందామని ఆలోచన.

మామూలు ఎమ్మారై నార్మల్ వచ్చాక ఆర్థ్రోగ్రామ్‌లో చిరుగు బయటపడినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?