పాడి గొర్రెల ఎంపికలో పొదుగు ఆకారాన్ని చూడాలా, పాల కొలత ఒక్కటే చాలా?

మందకాపరి:
నా మందలో రెండో ఈతలో ఉన్న ఒక గొర్రె మిగతా వాటన్నిటికంటే ఎక్కువ పాలిస్తోంది. అయితే దాని పొదుగు వెనుక కాళ్ల మడమ కీళ్ల దాకా జారింది, చన్నులు రెండూ పక్కలకు తిరిగి దాదాపు అడ్డంగా ఉన్నాయి. దీని పొట్టేలు పిల్లను విత్తనానికి ఉంచుకోవచ్చా?

కొలతపుస్తకం:
నిస్సందేహంగా ఉంచుకోండి. పొదుగు పరిమాణం పెరిగితే దిగుబడి పెరుగుతుందని అనేక పాడి జాతుల్లో కొలిచి చూశారు. మనం అమ్మేది పాలు గాని పొదుగు అందం కాదు.

పితికేచెయ్యి:
కొలతపుస్తకం గారూ, పరిమాణం వేరు, ఆకారం వేరు. గొర్రె పొదుగులో రెండు అరలుంటాయి, ఒక్కో అరకు ఒక్కో చన్ను. పాలు సన్నని గ్రంథుల్లో తయారై, సిస్టర్న్ అనే పాలతిత్తిలోకి దిగి నిలవ ఉంటాయి. ఆవు పొదుగులో ఈ తిత్తిలో ఉండేవి సుమారు 20 శాతం పాలే కాగా, పాడి గొర్రెలో సగానికి పైగా అందులోనే చేరతాయి. అందుకే గొర్రె విషయంలో చన్ను ఎక్కడ ఉందన్నది అంత ముఖ్యం. చన్ను పక్కకు ఉన్నప్పుడు తిత్తి అడుగు చన్ను రంధ్రం కంటే కిందికి ఉంటుంది కాబట్టి, పక్కన చిల్లు పడిన కుండలో నీళ్లు నిలిచినట్టు పాలు అడుగున నిలిచిపోతాయి. మెషిన్ కప్పులు తగిలించాక రెండు అరల మధ్య గాడి కింద నాలుగు వేళ్లు పెట్టి పొదుగును పైకెత్తితే, ఆగిపోయిన ధార మళ్లీ గొట్టంలో తెల్లగా కనిపిస్తుంది. ప్రతి గొర్రెనూ ప్రతి పూటా అలా ఎత్తాలి.

కొలతపుస్తకం:
ఎత్తితే వస్తున్నాయని మీరే ఒప్పుకున్నారు. పైగా చివర వచ్చే పాలలోనే వెన్న ఎక్కువ.

పితికేచెయ్యి:
ఆ వెన్న తిత్తి అడుగున నిలిచిన పాలది కాదు. గొర్రె చేపినప్పుడు, అంటే ఆక్సిటోసిన్ హార్మోన్ ప్రభావంతో గ్రంథులు పిండుకున్నప్పుడు, లోపలి నుంచి దిగే పాలలో వెన్న ఎక్కువ. గొర్రె చేపకపోతే పొదుగును ఎంత ఎత్తినా ఆ వెన్న రాదు.

కొలతపుస్తకం:
చివరి పాలలో వెన్న ఎక్కువా, కాదా? ఆ ఒక్క మాటకు సమాధానం చెప్పండి.

గడ్డిమేటు:
నా అనుభవంలో చన్నులు నేలవైపు చూసే గొర్రెలకే పొదుగువాపు తక్కువగా వచ్చింది.

పితికేచెయ్యి:
కొలతపుస్తకం గారూ, చివరి పాలలో వెన్న ఎక్కువే, కాని కారణం మీరు చెప్పింది కాదు. అసలు విషయానికి వద్దాం. స్పెయిన్‌లో చుర్రా గొర్రెలకు 1990లలోనే పొదుగు లోతు, పొట్టకు అతుక్కున్న తీరు, చన్నుల స్థానం, చన్నుల పొడవు, మొత్తం ఆకారం చూసి 1 నుంచి 9 వరకు మార్కులు వేసే పద్ధతిని రూపొందించారు. ఫ్రాన్స్‌లో లకోన్ జాతికి చాలా కాలం పాల దిగుబడి, వెన్న, ప్రోటీన్ ఆధారంగా ఎంపిక చేసి, 2000ల దశకంలో పొదుగు ఆకారాన్నీ సోమాటిక్ కణాల (పొదుగువాపు వస్తే పాలలో పెరిగే కణాల) సంఖ్యనూ కూడా చేర్చారు. దిగుబడి కోసమే ఎంపిక చేస్తూ పోతే తరం తర్వాత తరం పొదుగులు లోతుగా జారతాయన్న ఆందోళనే అందుకు ఒక కారణం.

కొలతపుస్తకం:
మార్కుల సంగతి నాకు చెప్పకండి. పదేళ్లపాటు రెండు పూటలా కొలిచి రాసిన పుస్తకం చేతికిచ్చినా, కొనడానికి వచ్చిన వ్యక్తి దాన్ని తెరవలేదు. తల్లి పొదుగును ఒక్కసారి చూసి, జారిందని చెప్పి పొట్టేలును వద్దన్నాడు. ఆ తల్లి నా మందలోకెల్లా ఎక్కువ పాలిచ్చిన గొర్రె. రెండు నిమిషాల చూపు పదేళ్ల కొలతను కొట్టిపారేయడం అన్యాయం కాదా?

పితికేచెయ్యి:
మీకు జరిగింది అన్యాయమే. పుస్తకం తెరిచి చూడవలసింది. కాని నా మాట కూడా వినండి. అలాంటి పొట్టేలునే నేను కొన్నాను. దాని కూతుళ్లు మొదటి ఈతలో బాగా ఇచ్చాయి. మూడో ఈత నాటికి పొదుగులు నేలకు దగ్గరై, పేడలో రాసుకుని, పొదుగువాపుతో కొన్నిటికి ఒక అర పూర్తిగా ఎండిపోయింది. వాటిని పితికింది నేను, మణికట్టు నొప్పితో పొదుగులెత్తింది నేను. మీ పుస్తకంలో లీటర్లున్నాయి గాని, ఆ గొర్రె ఎన్ని ఈతలు మందలో నిలిచిందో, ఒక్కో పూట ఎన్ని నిమిషాలు తీసుకుందో లేదు.

కొలతపుస్తకం:
అంటే మీ అభ్యంతరం పాల మీద కాదు, పని మీద.

పితికేచెయ్యి:
రెండూ ఒకటే అంటున్నాను. మీరు ఈతకు ఎన్ని లీటర్లో లెక్కిస్తున్నారు, నేను గొర్రె జీవితకాలానికి లెక్కిస్తున్నాను.

మందకాపరి:
ఒక విషయం ముందే చెప్పవలసింది. ఈ గొర్రె పొదుగును నేను ప్రతి పూటా ఎత్తి పితుకుతున్నాను, మిగతా వాటిని ఎత్తడం లేదు. కాబట్టి నా పోలికే సరిగా లేదేమో. ఈ పూట నుంచి ఎత్తకముందు వచ్చినవి ఒక పాత్రలో, ఎత్తాక వచ్చినవి వేరే పాత్రలో కొలుస్తాను. మిగతా గొర్రెల్లో నాలుగింటిని కూడా అలాగే చూస్తాను.

కొలతపుస్తకం:
రెండు అంకెలూ ఇక్కడ రాయండి. ఎత్తాక వచ్చినవి లెక్కలోకి రావంటే మాత్రం నేను ఒప్పుకోను.

పితికేచెయ్యి:
ఎత్తడానికి పట్టిన సమయాన్ని కూడా రాయండి.