బీవీఏ పెయింటింగ్: నాలుగేళ్లు అసలు ఏమి చేయిస్తారు?

కావలి నాన్న (మారతహళ్లి)

మాది నెల్లూరు జిల్లా కావలి. ఉద్యోగరీత్యా వచ్చి బెంగుళూరులో స్థిరపడ్డాం. మా అమ్మాయి సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది) సైన్సు చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకు కోచింగ్ కూడా కట్టాను. ఇప్పుడేమో బీవీఏ (బ్యాచిలర్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్) పెయింటింగులో చేరతానంటోంది. ఆదివారం వస్తే కె.ఆర్. పురం రైల్వే స్టేషనులో కూర్చుని, రైలు కోసం ఎదురుచూసేవాళ్ల బొమ్మలు గీసుకొస్తుంది. ఆ పుస్తకాలు చూస్తే నాకూ ముచ్చటేస్తుంది, కాదనను. కానీ నాలుగేళ్లు కాలేజీకి వెళ్లి బొమ్మలే వేస్తారా? ఇంజనీరింగ్ చదువుకుంటూ శని ఆదివారాల్లో ఎవరైనా మాస్టారి దగ్గర నేర్చుకుంటే సరిపోదా? అంత పట్టుదలగా ఉంటే అప్లైడ్ ఆర్ట్ తీసుకోమన్నాను, కనీసం ఉద్యోగమైనా వస్తుందని. అప్పటినుంచి నాతో మాటల్లేవు. ఈ చదువు స్వయంగా చదివినవారు చెప్పండి. చదవనివారి సలహాలు బంధువుల దగ్గర కావలసినన్ని దొరుకుతున్నాయి.

ఎలక్ట్రానిక్ సిటీ బాబాయ్

నేనూ చదవనివాణ్ణే, అయినా చెబుతాను. ఇంజనీరింగ్ చేయించండి, బొమ్మలు ఎక్కడికీ పోవు. మా ఆఫీసులో గిటారు వాయించేవాళ్లున్నారు, నాటకాలు వేసేవాళ్లున్నారు. అందరూ బీటెక్కులే.

జింకు ప్లేటు

నేను ఈ ఊళ్లోనే బీవీఏ చేశాను, గ్రాఫిక్స్ విభాగంలో. కంప్యూటరుతో సంబంధం లేదు. చెక్క, లినోలియం, రాయి, జింకు రేకు మీద బొమ్మ చెక్కో గీసో, అచ్చు తీసే చదువు అది. పగలు ఒక బడిలో డ్రాయింగ్ టీచర్ని. సాయంత్రం నలుగురం కలిసి అద్దెకు తీసుకున్న షెడ్డులో ప్రెస్సు తిప్పుతాను. మా అమ్మ చుట్టాలకు ఇప్పటికీ "అచ్చాఫీసు పని" అనే చెబుతుంది. పూర్తిగా తప్పని కూడా అనలేను.

బాబాయ్ గారి గిటారు దగ్గర మొదలుపెడతాను. బొమ్మ వేయడం శని ఆదివారాల్లో నేర్చుకోవచ్చు, నిజమే. వేసింది ఎందుకు కుదరలేదో కనిపెట్టి, మళ్లీ వేసి, మళ్లీ చెడగొట్టడానికి మాత్రం వరుసగా రోజులు కావాలి. ఎచింగ్ సంగతే చూడండి. జింకు రేకును నున్నగా తోమి, మైనం, తారు కలిసిన పూత పూయాలి. ఆ పూతను సూదితో గీకుతూ బొమ్మ గీయాలి. రేకును నీళ్లు కలిపిన నైట్రిక్ యాసిడ్‌లో ముంచితే, గీకిన చోట మాత్రమే యాసిడ్ లోహాన్ని తింటుంది. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, అచ్చులో అంత నలుపు. రేకును మధ్యలో బయటికి తీసి, లేతగా ఉండాల్సిన గీతలను వార్నిష్‌తో మూసి, మిగతావాటికోసం మళ్లీ ముంచాలి. తర్వాత పూత కడిగేసి, రేకంతా సిరా పట్టించి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులో లాగుతాం. చేసిందేమిటో అప్పుడు కనిపిస్తుంది, అదీ కుడి ఎడమలు తారుమారై. చూసుకుని నిట్టూర్చి మళ్లీ యాసిడ్ తొట్టి దగ్గరికి వెళతాం. ఒక బొమ్మ ఇలా వారాల తరబడి సాగుతుంది. ఆ తొట్టినీ, నలుగురు పట్టినా కదలని ప్రెస్సునూ మారతహళ్లి అపార్టుమెంటులో ఎక్కడ పెట్టుకుంటారు?

పెయింటింగుకు ఇంత సరంజామా అక్కర్లేదు గానీ, దానికీ గోడ కావాలి. వేసినవన్నీ గోడకు వరసగా పెడితే మాస్టారూ తోటివాళ్లూ నిలబడి మాట్లాడతారు. "చేతులు గీయడం రాకే జేబుల్లో పెట్టించావు కదా" అని మా సీనియర్ ఒకామె అందరి ముందూ నన్ను అడిగింది. మాస్టారు మర్యాదకు అనరు, ఇంట్లోవాళ్లకు కనిపించదు. అలాంటి మాట చెప్పే మనిషి పక్కనే రోజూ పనిచేయడానికే కాలేజీ.

పైగా చేరిన రోజునే పెయింటింగ్ అని తేల్చుకోనక్కర్లేదు. చాలా కాలేజీల్లో మొదటి ఏడాది అందరికీ ఉమ్మడి, ఫౌండేషన్ అంటారు. పెన్సిలుతో, బొగ్గుతో వస్తువులూ మొక్కలూ తలలూ గీయిస్తారు. బంకమట్టితో బొమ్మలు, ప్లాస్టర్ పోతలు, అక్షరాల డిజైను, లినోకట్, కళాచరిత్ర కూడా ఉంటాయి. నేను చేరింది పెయింటింగ్ కోసమే. మొదటి అచ్చు లాగాక అటు మళ్లలేదు. మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది: లైఫ్ డ్రాయింగులో, అంటే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీసే క్లాసులో, మాకు మోడళ్లుగా కూర్చున్నది పంచెల్లో, చీరల్లో వచ్చిన పెద్దవాళ్లే. ఒకాయన కూర్చున్నచోటే నిద్రపోయేవాడు, గీయడానికి అంతకంటే సుఖం లేదు.

అప్లైడ్ ఆర్ట్ మాట మీద అమ్మాయి అలిగిందంటే ఆశ్చర్యం లేదు. అది పెయింటింగుకు జీతం జోడించిన కోర్సని పెద్దవాళ్లు అనుకుంటారు. ఎవరో తెచ్చిన పనికి, వాళ్లు పెట్టిన గడువులోగా, వాళ్లకు నచ్చే జవాబు వెతకడం అక్కడి చదువు: పుస్తకం అట్ట, మందుల డబ్బా, ప్రకటన. ఇష్టపడి చేసేవాళ్లు అద్భుతాలు చేస్తారు. రాజీగా చేరినవాళ్లు ఏమయ్యారో మా బ్యాచిలో చూశాను. ఎవరూ అడగకుండా స్టేషనుకు వెళ్లి మనుషుల్ని గీసుకొచ్చే పిల్లను అటు తొయ్యకండి.

ఒక పనిరోజు కుమారకృప రోడ్డులోని చిత్రకళా పరిషత్తుకు ఇద్దరూ వెళ్లండి. 1960లో మొదలైన కళాసంస్థ, కాలేజీ కూడా ఉంది. దాన్ని స్థాపించిన ఎం.ఎస్. నంజుండరావు గారు సేకరించిన తోలుబొమ్మలున్నాయి. తోలుబొమ్మలాట మీ నెల్లూరు వైపుది కూడా కాబట్టి అక్కడ మీకు మాటలు కలవవచ్చు. మైసూరు చిత్రాలు, రష్యా నుంచి వచ్చిన చిత్రకారులు రోరిక్ తండ్రీకొడుకుల చిత్రాలు కూడా చూడండి. జనవరిలో ఒక ఆదివారం ఆ రోడ్డులో వాహనాలు ఆపేసి చిత్రసంతె పెడతారు. దేశం నలుమూలల నుంచీ వచ్చినవాళ్లు బొమ్మలు పరిచి అమ్ముతారు. ఎవరు ఎంతకు కొంటున్నారో మీరే నిలబడి వినండి, ఇక్కడ మేం చెప్పేదానికంటే నయం. ఏ కాలేజీకి వెళ్లినా ప్రాస్పెక్టస్ తర్వాత చదవవచ్చు. ముందు వర్క్‌షాపులు చూపించమనండి. ప్రెస్సు మీద తడి సిరా ఉందా, దుమ్ముందా? క్లాసులయ్యాక తలుపులు తెరిచి ఉంచుతారా?

జీతం సంగతి ఐటీతో పోల్చకండి, ఓడిపోతాం. బడిలో టీచరు, యానిమేషన్, పుస్తకాల బొమ్మలు, లేదా ఎంఎఫ్ఏ (పీజీ) చేసి, నెట్ (లెక్చరర్ల అర్హత పరీక్ష) రాసి కాలేజీలో పాఠాలు. మేమంతా ఇలా ఒక కాలు ఇక్కడా ఒక కాలు అక్కడా పెట్టినవాళ్లమే. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల లోపు యువ కళాకారులకు నెలకు 5,000 చొప్పున రెండేళ్లు ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది, గుర్తుపెట్టుకోండి.

ఎగ్మూరు పాత విద్యార్థి (చెన్నై)

బతుకుతెరువు మాట వచ్చింది కాబట్టి మా ఊరి సంగతి ఒకటి. ఇక్కడి ప్రభుత్వ లలితకళల కళాశాల 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు పెట్టిన బడి. మెరీనాలో బండను నెడుతున్న శ్రామికుల విగ్రహం చేసిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి 1929 నుంచి 1957 దాకా అక్కడ పెద్ద. ఆయన శిష్యుల్లో మన తెలుగు చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు కూడా ఉన్నారు. రాయ్ చౌధురి తర్వాత వచ్చిన కె.సి.ఎస్. పణిక్కర్‌కు మీకున్న బెంగే ఉండేది: చదువయ్యాక ఈ పిల్లలు ఏమి తింటారు? బాతిక్ (మైనం అద్ది రంగు వేసే) బట్టలు, తోలు, లోహపు వస్తువులు చేయించి అమ్మించారు. ఆ డబ్బుతోనే చిత్రకారులు ఇంజంబాక్కంలో స్థలం కొని, 1966లో చోళమండలం అనే కళాకారుల ఊరు కట్టుకున్నారు. ఇప్పటికీ ఉంది. సెలవుల్లో అమ్మాయిని తీసుకురండి.

కావలి నాన్న (మారతహళ్లి)

జింకు ప్లేటు గారూ, మీ జవాబు అమ్మాయికి చదివి వినిపించాను. "రాజీ" మాట దగ్గర నావైపు చూసిన చూపు మీకు కనిపించి ఉంటే బాగుండేది. పరిషత్తుకు వెళదామన్నాను, సరేనంది. బీవీఏ ప్రవేశ పరీక్షకు కోచింగ్ ఏమైనా కావాలా?

జింకు ప్లేటు

మళ్లీ కోచింగా! మామూలుగా ఎదురుగా పెట్టిన వస్తువులను పెన్సిలుతో గీయమంటారు. ఇచ్చిన విషయం మీద ఊహించి రంగుల్లో ఒక బొమ్మ వేయమంటారు. "బస్టాండు", "పండగ" లాంటివి. స్టేషను పుస్తకాలున్న పిల్ల రెండోదానికి భయపడదు. మొదటిదానికి ఇంట్లో చెంబు, ఉల్లిపాయ, మడత పెట్టిన తువ్వాలు కిటికీ దగ్గర పెట్టి, గడియారం చూసుకుంటూ గీయమనండి. ఆ స్టేషను పుస్తకాలను మాత్రం పోర్ట్‌ఫోలియో (కాలేజీకి చూపించే బొమ్మల కట్ట) కోసమని చింపి అతికించనివ్వకండి, పుస్తకాలుగానే చూపించాలి.

శనివారాలు మా షెడ్డులో పని ఉంటుంది. ఇద్దరూ రండి, చిరునామా విడిగా పంపుతాను. పాత చొక్కాలు వేసుకోండి, సిరా మరక వదలదు.