రూట్ క్రాన్ నుంచి నోటిఫికేషన్ తెర మీదకి రావట్లేదు

గాజువాక నుంచి:
ఉబుంటులో రాత్రి 2కి రూట్ క్రాన్‌లో (పెట్టిన టైముకి అడ్మిన్ హక్కులతో పనులు నడిపేది) బ్యాకప్ నడుస్తుంది. ఫెయిలైతే తెర మీద మెసేజ్ చూపించే నోటిఫై-సెండ్ కమాండ్ పెట్టా. టెర్మినల్‌లో వస్తోంది, క్రాన్ నుంచి రావట్లేదు. ఎందుకండీ?

మధురవాడ నుంచి:
క్రాన్‌కి మీ డెస్క్‌టాప్ సెషన్ బస్ (ప్రోగ్రాములు ఒకదానికొకటి మెసేజ్‌లు పంపుకునే దారి) ఎక్కడుందో తెలీదండి. స్క్రిప్టులో వరసగా ఇవి రాయండి: సుడో మైనస్ యూ (కమాండ్‌ని వేరే యూజర్‌గా నడపడానికి), మీ యూజర్ పేరు, డీబస్_సెషన్_బస్_అడ్రస్ వేరియబుల్, ఆపైన నోటిఫై-సెండ్. వేరియబుల్ విలువ: యునిక్స్:పాత్=/రన్/యూజర్/1000/బస్. ఆ 1000 మీ యూఐడీ, అంటే యూజర్ నంబర్. అందరికీ అదే ఉండదు, ఐడీ మైనస్ యూతో చూసుకోండి.

సీతమ్మధార నుంచి:
పైది సరైనదే. కానీ ఆ వేళకి లాగిన్ అయి లేకపోతే సాధారణంగా ఆ బస్ సాకెట్టే (పైన పాత్‌లో ఉన్నది) ఉండదు, మెసేజ్ పోయినట్టే. ఫెయిలైన సంగతి ఒక ఫైల్లో రాయించండి. పొద్దున లాగిన్ కాగానే ఆటోస్టార్ట్ స్క్రిప్ట్ దాన్ని చదివి చూపిస్తుంది. నోటిఫై-సెండ్‌కి అర్జెన్సీ క్రిటికల్ పెట్టండి, లేకపోతే కొన్ని సెకన్లలో మాయమవుతుంది.